రాష్ట్రం దాటిన బొగ్గు, రాష్ట్రం దాటిన కులం

బిలాస్‌పూర్‌ను వెనుకబడిన ప్రాంతం అనేవాళ్లు ముందు ఆ ఊళ్లోని బోర్డులు చదవాలి. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. కోల్ ఇండియా అనుబంధ సంస్థ సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ (ఎస్‌ఈసీఎల్) ప్రధాన కార్యాలయమూ అక్కడే. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది రాజధాని రాయ్‌పూర్‌లో కాదు, బిలాస్‌పూర్‌లో. గురు ఘాసీదాస్ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఊరికి దగ్గర్లో సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం ఉంది. అభివృద్ధి అర్థశాస్త్రం పాఠం ప్రకారం చూస్తే చుట్టుపక్కల జిల్లాలను తనతో పాటు పైకి లాగాల్సిన ఊరు ఇది.

మరి అదే స్టేషన్‌లో, వరి కోతలు ముగిశాక, మూటలతో, వంటగిన్నెలతో, చంటిపిల్లలతో రైలెక్కే కుటుంబాల సంగతేమిటి? వాళ్లు ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ ఇటుక బట్టీలకు పోతారు. హైదరాబాద్, పుణె, ఢిల్లీల్లో మేడలు కట్టడానికి పోతారు. ఉత్తరాది బట్టీల్లో వాళ్లను 'బిలాస్‌పురియా' అంటారు. మన దగ్గర 'పాలమూరు లేబర్' ఎలాగో అలాగే, ఊరి పేరే కూలి పేరుగా మారింది. వాళ్లలో బిలాస్‌పూర్, జాంజ్‌గీర్-చాంపా, ముంగేలీ పల్లెల సత్నామీలు, అంటే గురు ఘాసీదాస్ బాటలో నడిచిన దళితులు, పెద్ద సంఖ్యలో ఉంటారు. గురువు పేరు విశ్వవిద్యాలయం గేటు మీద ఉంది, ఆయన జనం జనరల్ బోగీలో ఉన్నారు.

నడిమి ప్రాంతాలు బలిసి అంచు ప్రాంతాలు ఎండిపోవడం గురించి మన విశ్వవిద్యాలయాల్లో చాలా చర్చ జరిగింది. దాదాభాయ్ నౌరోజీ సంపద తరలింపు సిద్ధాంతంతో మొదలుపెట్టి గున్నార్ మిర్డాల్ దాకా చదువుకుంటాం. బీహార్ గురించి సచ్చిదానంద సిన్హా 1973లోనే 'అంతర్గత వలస' అనే మాట వాడి పుస్తకం రాశారు. తెలంగాణ ఉద్యమంలో ప్రొఫెసర్ జయశంకర్ ఇదే వాదనను నీళ్లు, నిధులు, నియామకాల లెక్కతో జనంలోకి తీసుకెళ్లారు. ఈ చర్చల విలువ తక్కువేం కాదు. కానీ వాటిలో దోపిడీకి గురయ్యేది ఎప్పుడూ 'ప్రాంతం'. ఆ ప్రాంతంలో ఎవరు భూమి ఉన్నవాళ్లు, ఎవరు వెలివాడ వాళ్లు అన్నది రెండో అధ్యాయానికి వాయిదా పడుతుంది. ఆ రెండో అధ్యాయం సాధారణంగా రాయబడదు.

బిలాస్‌పూర్‌లో రెండూ కలిపి చూడవచ్చు. అక్కడి నుంచి రెండు సరుకులు బయటికి పోతాయి, బొగ్గు ఒకటి, శ్రమ ఒకటి. రాష్ట్రం దాటుతుంటే బొగ్గు విలువ పెరుగుతుంది. దళిత కార్మికుడు రాష్ట్రం దాటితే అతని రాజ్యాంగ హక్కే తగ్గిపోతుంది. ఈ రెండు లెక్కలు ఒకే పుస్తకంలో రాయకపోతే ప్రాంతీయ అసమానత అర్థం కాదని నా వాదన.

ముందు బొగ్గు. ఎస్‌ఈసీఎల్ 2023-24లో దాదాపు 18.7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వింది. ఆ ఏడాది దేశం మొత్తం ఉత్పత్తిలో అది అయిదో వంతుకు దగ్గర. కోర్బా జిల్లాలోని గేవరా గనికి 2024లో ఏటా 7 కోట్ల టన్నులు తవ్వడానికి పర్యావరణ అనుమతి ఇచ్చారు. ఇంత తవ్వినా రాష్ట్రానికి దక్కేది రాయల్టీ. 2012 నుంచి అది బొగ్గు ధరలో 14 శాతం. ఆ ధర రాయ్‌పూర్‌లో నిర్ణయం కాదు, కోల్ ఇండియా ప్రకటిస్తుంది. కరెంటు చౌకగా ఉండాలంటే బొగ్గు చౌకగా ఉండాలి, బొగ్గు చౌకగా ఉంటే రాయల్టీ కూడా చౌకే. పైగా 2016 నుంచి టన్నుకు 400 రూపాయల సెస్సు వసూలు చేశారు. విద్యుత్ కేంద్రాలకు పోయే చౌక రకం బొగ్గు మీద గని రాష్ట్రానికి వచ్చే రాయల్టీ కంటే అది ఎక్కువ. స్వచ్ఛ ఇంధనం పేరుతో మొదలైన ఆ సెస్సు డబ్బును 2017 తర్వాత రాష్ట్రాల జీఎస్టీ నష్టపరిహారం నిధికి మళ్లించారు. కోర్బా గాలిలో బూడిద అలాగే ఉంది.

ఆ బొగ్గు కరెంటుగా మారాక కథ ఇంకా విచిత్రంగా ఉంటుంది. కోర్బా, సీపత్ ఎన్టీపీసీ కేంద్రాల విద్యుత్తు ఛత్తీస్‌గఢ్‌తో పాటు గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గోవాలకు వెళ్తుంది. కరెంటు తయారు చేసిన రాష్ట్రం బయటికి పోయే కరెంటు మీద పన్ను వేయలేదు. ఈ విషయం మనకు కొత్త కాదు. రామగుండంలో తయారై పొరుగు రాష్ట్రాలకు పోయే విద్యుత్తు మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సుంకం వేయబోతే, అది అంతర్రాష్ట్ర అమ్మకం కాబట్టి కుదరదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. జీఎస్టీ వచ్చాక ఇదే సూత్రం దాదాపు అన్ని సరుకులకూ పాకింది. పన్ను వినియోగించిన చోట పడుతుంది, తయారైన చోట కాదు. తవ్వే రాష్ట్రానికి దుమ్ము, కొనే రాష్ట్రానికి పన్ను.

దీనికి ముందు ఒక పాత గాయం కూడా ఉంది. 1956 నుంచి 1990ల ఆరంభం వరకు ఉక్కు రవాణా ఖర్చును దేశమంతా సమానం చేశారు. భిలాయ్ ఉక్కు భిలాయ్ పక్క ఊళ్లో కొన్నా, వెయ్యి కిలోమీటర్ల అవతల కొన్నా ఒకటే ధర. గని పక్కన, కొలిమి పక్కన ఉన్నందుకు సహజంగా రావలసిన లాభాన్ని తీసేసి, అప్పటికే రేవులూ పెట్టుబడీ ఉన్న పశ్చిమ, దక్షిణ రాష్ట్రాలకు ఇచ్చేశారు. పారిశ్రామికీకరణలో ముందున్నామని ఇప్పుడు రొమ్ము విరుచుకునే రాష్ట్రాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో, రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేయవచ్చనీ తీర్పు ఇచ్చింది. మంచిదే. ఆ డబ్బు రావాలి. కానీ వచ్చాక ఎవరికి పోతుందన్న ప్రశ్న ఆ తీర్పులో లేదు, ఉండదు కూడా. దానికి జవాబు కోర్బాలో వెతకాలి. దేశానికి వెలుగిచ్చే ఆ జిల్లాను 2018లో నీతి ఆయోగ్ 'ఆకాంక్షిత జిల్లాల' జాబితాలో పెట్టింది, అంటే అధికారికంగా దేశంలో బాగా వెనుకబడిన జిల్లాల్లో ఒకటని ఒప్పుకుంది. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం దానికి జమవుతుంది. కోర్బా నిధి దేశంలో పెద్దవాటిలో ఒకటి. ఇంత డబ్బు ఉన్న జిల్లా ఆకాంక్షిస్తూనే ఉండాల్సి రావడం ఎందుకో కలెక్టరేట్ నడిచే తీరు తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

రాష్ట్రాల మధ్య తేడా కూడా చిన్నది కాదు. నీతి ఆయోగ్ 2023లో ఇచ్చిన బహుముఖ పేదరికం లెక్కల్లో ఛత్తీస్‌గఢ్ 16.37 శాతం, ఆంధ్రప్రదేశ్ 6.06, తెలంగాణ 5.88. ఈ సగటుల కింద కులం వారీగా విడగొడితే ఏం కనిపిస్తుందో విద్యార్థులు చేయాల్సిన పని.

ఇక రైలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాగ్‌పూర్-ఆసన్‌సోల్ మార్గాన్ని 1891లో పూర్తి చేసింది, బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. కలకత్తా రేవుకు సరుకు చేరడం కోసం వేసిన దారి అది. తర్వాతి పదేళ్లలోనే 1896-97, 1899-1900 కరువులు మధ్య పరగణాల మీద పడ్డాయి. అస్సాం తేయాకు తోటలకు, ఝరియా గనులకు, తర్వాత జంషెడ్‌పూర్‌కు ఛత్తీస్‌గఢ్ కూలీలు వెళ్లింది ఈ పట్టాల మీదే. అదే రైల్వే ఉత్తరాంధ్ర నుంచి మనవాళ్లను తెచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల వాళ్లు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడ్డారు. 1931లో రాయ్‌పూర్-విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. ఒక అంచు నుంచి వచ్చినవాళ్లు ఇంకో అంచులో రైల్వే క్వార్టర్లలో ఉండి జీతం తీసుకున్నారు, ఆ ఊరి చుట్టుపక్కల వాళ్లు ఆ స్టేషన్ నుంచే బయటికి పోయారు. తెలుగువాళ్లలోనూ అందరూ ఒకే క్వార్టర్లలో లేరు. గుమాస్తా, గార్డు ఒకవైపు, పట్టాలు, పాయిఖానాలు ఇంకోవైపు. ఏ కులం ఎటువైపో మన పాఠకులకు చెప్పాలా?

బిలాస్‌పూర్ స్టేషన్ గురించి రవీంద్రనాథ్ ఠాగూర్ 'ఫాంకి' అనే కవిత రాశారు. 1918లో వచ్చిన 'పలాతక' సంపుటిలో ఉంది. ఆ పేరుకు మోసం, ఎగవేత అని అర్థం. కరువుకూ జమీందారు అత్యాచారానికీ తాళలేక ఊరు విడిచి వచ్చిన రుక్మిణి, ఆ స్టేషన్లో కూలి భార్య. కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలంటుంది. జబ్బుతో ఉన్న తన భార్య ఇమ్మని చెప్పినా ఆ బాబు రెండు రూపాయలు చేతిలో పెట్టి, మొత్తం ఇచ్చానని భార్యకు అబద్ధం చెబుతాడు. భార్య పోయాక బాకీ తీర్చుకుందామని తిరిగి వస్తే రుక్మిణి కుటుంబం ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. స్టేషన్లో ఆ కవితను గర్వంగా గుర్తు చేసుకుంటారు, బాబు పశ్చాత్తాపం గురించి సాహిత్య సభల్లో మాట్లాడతారు. నాకు మాత్రం అందులో ముఖ్యంగా కనిపించేది రిజిస్టర్ లేని వలస. కూలి ఎక్కడికి పోయాడో స్టేషన్ వాళ్లు కూడా చెప్పలేరు. ఆ స్టేషన్ నుంచి పోయే ప్రతి బొగ్గు వ్యాగన్‌కు నంబరు ఉంటుంది.

ఆ రైల్వేలో సొంత జోన్ కోసం బిలాస్‌పూర్ జనం పోరాడారు. 1996 జనవరిలో ఆందోళన హింసగా మారి రైల్వే ఆస్తులు తగలబడ్డాయి. 1998లో జోన్ ప్రకటించారు, 2003లో పని మొదలైంది. ప్రధాన కార్యాలయం వస్తే బతుకు మారుతుందని నమ్మారు. ఇప్పుడు ఆ జోన్ ఏటా 20 కోట్ల టన్నులకు పైగా సరుకు ఎత్తుతోంది, అందులో ఎక్కువ బొగ్గే. 2022 వేసవిలో విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు పడిపోతే రేకులకు దారి ఇవ్వడం కోసం ప్యాసింజర్ రైళ్లు రద్దు చేశారు. దేశమంతా వందల ట్రిప్పులు పోయాయి, దెబ్బ ఎక్కువగా పడినవాటిలో ఈ జోన్ ఒకటి. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ బహిరంగంగా నిరసన చెబితే కొన్ని తిరిగి వచ్చాయి. ఢిల్లీలో ఏసీ ఆగకూడదని, జాంజ్‌గీర్‌లో కాలేజీకి పోయే పిల్ల రైలు ఆపారు. జోన్ ఆఫీసు ఊళ్లోనే ఉన్నా ఏ బండి ముందు పోవాలన్న నిర్ణయం ఊరిది కాదు.

ఈ జనం ఎప్పుడూ నోరు మూసుకుని లేరు. గురు ఘాసీదాస్ ఉద్యమం మనువాదాన్ని తిరస్కరించింది. లోక్‌సభకు వెళ్లిన మినీమాత సత్నామీ స్త్రీ. హస్‌దేవ్ నది మీద బాంగో ఆనకట్టకు ఆమె పేరే పెట్టారు, ఆ నీళ్లు ఇప్పుడు కోర్బా విద్యుత్ కేంద్రాలకూ పోతాయి. 1984లో బీఎస్పీ పెట్టిన ఏడాదే కాన్షీరామ్ లోక్‌సభకు పోటీ చేయడానికి ఎంచుకున్నది జాంజ్‌గీర్. ఓడిపోయారు. కానీ ఉత్తరప్రదేశ్ కంటే ముందు ఆయన దృష్టి ఇటు పడిందంటే ఇక్కడి దళిత చైతన్యం మీద ఆయనకున్న అంచనా అది. భిలాయ్ గురించి జొనాథన్ ప్యారీ 2020లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ప్రభుత్వ ప్లాంటులో శాశ్వత ఉద్యోగికీ కాంట్రాక్టు కార్మికుడికీ మధ్య ఉన్న గీత రెండు వేర్వేరు వర్గాలను విడదీసేంత లోతైనదని వాదించారు. ఆ గీతను దళితులు దాటగలిగిన మార్గాల్లో రిజర్వేషన్ ముఖ్యమైనది. కాబట్టి రిజర్వేషన్ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఆ గీత గోడ అవుతుంది.

అది రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం ఎస్సీ జాబితా ఒక్కో రాష్ట్రానికి 'సంబంధించి' ఉంటుంది. దీన్ని ఖరారు చేసిన కేసు ఒక తెలుగు విద్యార్థిదే. మర్రి చంద్రశేఖర రావు కేసు, 1990. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్లి అక్కడే చదువుకున్నాడు. మహారాష్ట్ర మెడికల్ సీటుకు ఎస్టీగా అర్హుడు కాడని సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే సూత్రాన్ని నిలబెట్టింది. కేంద్ర సర్వీసుల్లో ఎక్కడి ఎస్సీ అయినా చెల్లుతాడు. రాష్ట్ర కాలేజీ సీటుకు, రాష్ట్ర ఉద్యోగానికి చెల్లడు.

రైల్వే కాలనీలో మూడో తరం తెలుగు దళిత యువకుడి సంగతి ఆలోచించండి. తాత రైల్వేలో చేరాడు, అది కేంద్ర ఉద్యోగం కాబట్టి రిజర్వేషన్ ఉంది. రైల్వే పనులు కాంట్రాక్టుకు పోయే కొద్దీ మనవడికి మిగిలేది రాష్ట్ర ఉద్యోగం. అక్కడ అతను జనరల్. శ్రీకాకుళం వెళ్తే అక్కడి భాషలో చదువు లేదు, స్థానికత లేదు. అటు హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణంలో ఉన్న సత్నామీ దంపతుల బిడ్డ తెలంగాణ ప్రభుత్వ బడిలో పదో తరగతి పాసైందనుకోండి. ఇంటర్ తర్వాత రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఆ అమ్మాయి ఎస్సీ కాదు. ఇంటి ఓనరుకు, మేస్త్రీకి మాత్రం వాళ్లెవరో బాగా తెలుసు.

రాష్ట్రం దాటినంత మాత్రాన కులం పోదని ఇప్పుడు కోర్టులూ అంటున్నాయి. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ సొంత రాష్ట్రానికే పరిమితం కాదని 2023లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. అవమానం సరిహద్దు దాటుతుందని చట్టం ఒప్పుకుంటే అవకాశం ఎందుకు దాటకూడదు?

దీనికి ఎదురువాదం ఉంది, కొట్టిపారేయదగ్గది కాదు. బయటి రాష్ట్రాల నుంచి కాస్త చదువుకున్న ఎస్సీలు వస్తే స్థానిక ఎస్సీల వాటా తగ్గిపోతుందని. ముల్కీ నిబంధనల నుంచి 610 జీవో దాకా స్థానికత కోసం కొట్లాడిన తెలంగాణ దళిత విద్యార్థికి ఈ భయం ఉండటం సహజం. అందుకే ఉన్న కోటాలో వాటా అడగడం తప్పు. వలస కార్మికుల పిల్లలైన ఎస్సీ, ఎస్టీలకు అదనపు సీట్లు సృష్టించి, ఆ ఖర్చు కేంద్రం భరించాలి. ఆ పిల్లలు ఆ రాష్ట్రంలో కనీసం కొన్నేళ్లు బడికి వెళ్లి ఉండాలన్న నిబంధన పెడితే, అర్ధరాత్రి మకాం మార్చి సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లకు చోటుండదు. సాంకేతికంగా కష్టమనే సాకు చెల్లదు. 2022 నాటికి ఛత్తీస్‌గఢ్‌తో సహా దేశమంతా రేషన్ కార్డు ఎక్కడైనా చెల్లేలా చేశారు. బియ్యం దాటిన సరిహద్దును కుల ధ్రువపత్రం దాటలేదా?

అంబేడ్కర్ 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో, భూమి మీద మిగిలిపోయిన శ్రమకు దారి పారిశ్రామికీకరణ అన్నారు. పరిశ్రమ శ్రమ దగ్గరికి రావాలి. ఛత్తీస్‌గఢ్‌లో పరిశ్రమ వచ్చింది, శ్రమ బయటికి పోయింది. 1943లో వైస్రాయ్ కౌన్సిల్ కార్మిక సభ్యుడిగా ఆయన ధన్‌బాద్ బొగ్గు గనుల ప్రాంతానికి వెళ్లారు. మరుసటి ఏడాదే బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. బొగ్గు మీద సుంకం వేసి ఆ డబ్బును కార్మికుడికి చేర్చడం అందులో ఉన్న ఆలోచన. జిల్లా ఖనిజ నిధి దానికి పూర్తిగా భిన్నం. అది భూభాగాన్ని చూస్తుంది, 'ప్రభావిత ప్రాంతం' అంటుంది. గని వల్ల పొలం పోయి, కూలి దొరక్క, భాగ్యనగరంలో సిమెంటు మోస్తున్నవాడు ఆ ప్రాంతంలో లేడు కాబట్టి లెక్కలో లేడు. ఆ నిధి నుంచి ప్రభావిత గ్రామాల ఎస్సీ, ఎస్టీ పిల్లలకు వాళ్లు దేశంలో ఎక్కడ చదివినా స్కాలర్‌షిప్ ఇవ్వాలి. భవనాలు కట్టడం కంటే దీనికి తక్కువే ఖర్చవుతుంది, కాంట్రాక్టర్లకు మాత్రం గిట్టదు.

వలస కార్మికులకు ఉన్న పాత చట్టంలో కూడా కోత పడింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో స్థానభ్రంశ భత్యం ఉండేది, నెల జీతంలో సగం. అమలు అంతంత మాత్రమే అయినా కాగితం మీద హక్కు ఉండేది. 2020లో తెచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో అది లేదు, ప్రయాణ ఖర్చు మాత్రమే ఉంది. ఊరు విడిచి రావడం వల్ల కార్మికుడు కోల్పోయేది టికెట్ డబ్బులే అన్నట్టు.

ఆ ఏడాది జరిగింది మరిచిపోయే సంగతి కాదు. ములుగు జిల్లా మిర్చి చేలల్లో పని చేసిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక, లాక్‌డౌన్‌లో నడిచి బీజాపూర్ వెళ్తూ 2020 ఏప్రిల్‌లో ఇంటికి కొద్ది దూరంలో చనిపోయింది. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద పడుకున్న 16 మంది కార్మికుల మీదుగా గూడ్సు బండి వెళ్లింది. జాల్నాలో ఉక్కు ఫ్యాక్టరీ కూలీలు వాళ్లు. శహడోల్, ఉమరియా జిల్లాల వాళ్లు, ఎక్కువ మంది గోండులు. ఆ రెండు స్టేషన్లూ బిలాస్‌పూర్ రైల్వే డివిజన్‌లోనే ఉన్నాయి, బొగ్గు రేకులు రోజూ పోయే లైను మీద.

మొదటి మరణం మన పొలాల నుంచి మొదలైన నడక అని తెలుగు పాఠకులు గమనించాలి. నిన్నటి దాకా తెలంగాణ తనను తాను అంచుగా చెప్పుకుంది, అది నిజం. ఇవాళ బీజాపూర్, జాంజ్‌గీర్ వాళ్లకు తెలంగాణే నడిమి ప్రాంతం. హైదరాబాద్‌లో, వరంగల్‌లో అంతర్గత వలస మీద పీహెచ్‌డీలు రాసే మనం మన ఇటుక బట్టీల్లో, మిర్చి చేలల్లో, మెట్రో పిల్లర్ల కింద ఎవరున్నారో రాశామా? మన విశ్వవిద్యాలయాల అంబేడ్కర్ విద్యార్థి సంఘాలు అడగగలిగిన చిన్న సంగతి ఒకటుంది. రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల ప్రభుత్వ బడుల అడ్మిషన్ రిజిస్టర్లలో 'ఇతర రాష్ట్ర ఎస్సీ', 'ఇతర రాష్ట్ర ఎస్టీ' అని రెండు గడులు పెట్టించాలి. ఇప్పుడు ఆ పిల్లలను ఏ గడిలో రాస్తున్నారో ఈ జూన్‌లో బడులు తెరిచినప్పుడు వెళ్లి చూడండి.